ఆడిట్‌లో జాంగో దొరికిపోతే: పాత ప్రాజెక్టులో కంతలు పూడ్చే పద్ధతి

ఇంకొకరు రాసి వదిలేసిన జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టుల్ని నిలబెట్టడం నా పని. ఉండేది కాకినాడలో. కాలేజీల ఫీజు పోర్టళ్ళు, డయాగ్నస్టిక్ సెంటర్ల రిపోర్టు సైట్లు, ఎరువుల డీలర్ల ఆర్డర్ బుక్కులు, ఎక్కువగా ఇలాంటివే వస్తాయి. రాసిన కుర్రాళ్ళు హైదరాబాదుకో డాలస్‌కో వెళ్ళిపోయి ఉంటారు. సైటు మాత్రం పాత సర్వర్ మీద అలాగే నడుస్తూ ఉంటుంది. ఒకరోజు ఆడిటర్ దగ్గర్నుంచి లావుపాటి పీడీఎఫ్ వస్తుంది. అందులో ఎర్రగడిలో "జాంగో వెర్షన్ పాతది, అప్‌గ్రేడ్ చేయాలి" అని ఒక ముక్క ఉంటుంది. కాలేజీ కరెస్పాండెంట్ గారు ఫోన్ చేసి, "ఏమ్మా, సైటు బాగానే నడుస్తోంది కదా, మళ్ళీ ఈ ఖర్చేంటి?" అంటారు.

ఆ ఫోన్ పెట్టేశాక ఏ వరసలో పని చేయాలో చెబుతాను. అప్‌గ్రేడ్ చేస్తే చాలనుకుంటే సగం పనే అవుతుంది. కొన్నేళ్ళుగా జాంగోలో బయటపడిన ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కంతల్ని, అంటే బయటివాడు తన ఎస్‌క్యూఎల్‌ని మన డేటాబేస్ ప్రశ్నలోకి దూర్చగలిగే లోపాల్ని, పక్కపక్కన పెట్టి చూడండి, చాలావాటి ఆకారం ఒకటే. మీ కోడ్‌లో ఆ ఆకారం ఎక్కడుందో వెతికి తీసేస్తే ఇప్పటి కంతతో పాటు, రేపు అదే వరసలో బయటపడబోయేది కూడా మీ సైటు జోలికి రాదు. తీయకపోతే మళ్ళీ మళ్ళీ ఇదే ఫోన్ వస్తుంది.

కమాండ్లనీ, కోడ్‌లో పేర్లనీ క్లయింటు సర్వర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఫోన్లో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. జాంగోతో కాస్త పరిచయం ఉన్నవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

సర్వర్ మీద ఏముందో చూడండి

రిక్వైర్‌మెంట్స్ ఫైలుని నమ్మకండి. అందులో జాంగో 3.2.5 అని ఉంటుంది. ఎవరో సర్వర్‌లో చేత్తో 3.2.18 ఎక్కించి, ఫైల్లో రాయకుండా వదిలేసి ఉంటారు. తలకిందులుగా జరగడమూ ఉంది: ఫైల్లో కొత్త నంబరు, సర్వర్‌లో పాత సరుకు. గునికార్న్ (జాంగోని సర్వర్ మీద నడిపే ప్రోగ్రాం) ఏ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ నుంచి లేస్తోందో సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్లో చూసి, అదే పైథాన్‌ని వెర్షన్ అడగండి. తర్వాత అక్కడే పిప్ ఫ్రీజ్ కొట్టి, వచ్చిన జాబితాని ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని, తెలిసిన కంతలున్న ప్యాకేజీల్ని పట్టే పిప్-ఆడిట్‌కి ఇవ్వండి. నో-డెప్స్ అనే ఆప్షన్ పెట్టండి. లేకపోతే పాత ప్యాకేజీల డిపెండెన్సీలు కుదర్చలేక అది మధ్యలోనే ఆగిపోతుంది.

పిప్-ఆడిట్ చెప్పేవాటిలో జాంగో ఒక్కటే ఉండదు. స్టూడెంట్ ఫొటోలు తీసుకునే సైటైతే బొమ్మల ప్యాకేజీ పిల్లో తప్పకుండా ఉంటుంది. 2023లో వెబ్‌పీ బొమ్మల లైబ్రరీలో పడిన కంతకి పిల్లో 10.0.1లో మందు వచ్చింది. గునికార్న్ 22.0.0 కంటే పాతదైతే రిక్వెస్ట్ స్మగ్లింగ్ (ఒక రిక్వెస్ట్ లోపల ఇంకోదాన్ని దాచి పంపడం) సమస్య ఉంది. ఈ రెండూ పెద్దగా తలనొప్పి లేకుండా ఎక్కేస్తాయి, ఎక్కించేయండి.

ఉబుంటు వాళ్ళ ఆప్ట్ ద్వారా జాంగో పెట్టినచోట ఆడిటర్ స్కానర్ పొరపడుతుంది. ఉబుంటు 22.04లో జాంగో నంబరు ఎప్పుడూ 3.2.12 అనే కనిపిస్తుంది. సెక్యూరిటీ మార్పుల్ని వాళ్ళు ఆ పాత నంబరులోకే తెచ్చి కలుపుతారు, మారేది నంబరు చివరున్న తోక మాత్రమే. అలాంటి చోట ఎర్రగడి చూసి కంగారుపడక్కర్లేదు. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో ఆ కంత సీవీఈ నంబరు (బయటపడిన కంతకి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉందేమో వెతికి, ఉంటే ఆ పేజీనే ఆడిటర్‌కి పంపండి.

మీరు ఏ వరసలో ఉన్నారో కూడా తెలియాలి. జాంగోలో మూడేళ్ళ పాటు సెక్యూరిటీ మార్పులు అందే ఎల్‌టీఎస్ వెర్షన్లు 2.2, 3.2, 4.2, 5.2. వీటిలో 2.2కి 2022 ఏప్రిల్‌తో, 3.2కి 2024 ఏప్రిల్‌తో గడువు తీరింది. 4.2 గడువు 2026 ఏప్రిల్ వరకు, 5.2 గడువు 2028 ఏప్రిల్ వరకు. ఇక్కడ చాలామంది ఒకచోట పప్పులో కాలేస్తారు. కొత్త సీవీఈ ప్రకటనలో "5.2, 5.1, 4.2 వెర్షన్లకి వర్తిస్తుంది" అని ఉంటే, మనది 3.2 కాబట్టి మనకేం కాలేదని ఊపిరి పీల్చుకుంటారు. గడువు తీరినవాటిని వాళ్ళు పరీక్షించరు, అంతే. పేరు లేకపోతే క్షేమమని కాదు.

ముందు అదే వరసలో చివరి మెట్టు

4.2.10 మీద ఉంటే 5.2 గురించి ఇవాళే ఆలోచించకండి. 4.2లో వచ్చిన ఆఖరి నంబరుకి ఈ సాయంత్రమే వెళ్ళండి. చివరి అంకె మాత్రమే మారే విడుదలల్లో కొత్త సౌకర్యాలు ఉండవు, కంతలు పూడ్చడం, బగ్గులు సరిచేయడం మాత్రమే ఉంటుంది. మీ కోడ్‌లో దాదాపు ఏమీ మార్చక్కర్లేదు.

దాదాపు అని ఎందుకన్నానంటే, కంత పూడ్చడానికి ఒక్కోసారి వాళ్ళు తలుపు బిగిస్తారు, ఆ బిగింపు మన రిపోర్టులకి తగులుతుంది. 2023 ఫిబ్రవరిలో ఒకే రిక్వెస్ట్‌లో వచ్చే ఫైళ్ళకి 100 అని హద్దు పెట్టారు. ఒక్క ఊపులో బ్యాచ్ మొత్తం సర్టిఫికెట్ స్కాన్లు ఎక్కించే గుమాస్తా ఉన్న కాలేజీలో మర్నాడే 400 ఎర్రర్ (రిక్వెస్ట్ తప్పని తిప్పికొట్టడం) వస్తుంది. అలాగే 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.2.28, 3.2.13, 4.0.4 విడుదలల నుంచి యానొటేట్‌కి (లెక్కకట్టిన కాలమ్‌ని ఫలితాలకి చేర్చే పద్ధతికి) ఇచ్చే కాలమ్ మారుపేర్లలో ఖాళీలు, కోట్ గుర్తులు, సెమీకోలన్లు ఉంటే జాంగో ఒప్పుకోదు. ఎక్సెల్‌లో హెడ్డింగ్ అందంగా రావాలని డిక్షనరీలో "బకాయి మొత్తం" అని తెలుగులోనే మారుపేరు పెట్టిన ప్రాజెక్టులు ఉంటాయి. తెలుగు అక్షరాలతో జాంగోకి పేచీ లేదు, మధ్యనున్న ఖాళీతోనే పేచీ. మారుపేరు లోపల ఒక్క ముక్కగా ఉంచి, హెడ్డింగ్ ఎక్సెల్ రాసేచోట పెట్టుకోండి.

ఈ ఆంక్ష చాదస్తంతో పెట్టింది కాదు. ఎందుకొచ్చిందో చూస్తే, మొదట్లో నేనన్న ఆకారం కనిపిస్తుంది.

విలువలు భద్రం, పేర్లు కావు

ఫారం నింపేటప్పుడు ఖాళీ గడుల్లో మనం ఏం రాసినా ఫారం ఫారంగానే ఉంటుంది. "తండ్రి పేరు" అని అచ్చేసిన మాటనే మనతో రాయిస్తే అది ఏ ఫారం అవుతుందో చెప్పలేం. జాంగో ఓఆర్ఎమ్ (పైథాన్ కోడ్‌ని ఎస్‌క్యూఎల్‌గా మార్చే భాగం) మనం ఇచ్చే విలువల్ని ఖాళీ గడుల్లో పెట్టి డేటాబేస్‌కి పంపుతుంది. విద్యార్థి పేరు గడిలో ఎంత దుర్మార్గపు ఎస్‌క్యూఎల్ టైప్ చేసినా అది పేరుగానే మిగులుతుంది. కాలమ్ పేర్లు, మారుపేర్లు, ఏ వరసలో పేర్చాలి, షరతుల మధ్య యాండ్ ఉండాలా ఆర్ ఉండాలా, ఇవన్నీ అచ్చులోకి వెళ్ళే మాటలు. వీటిని పారామీటర్లుగా పంపడం కుదరదు.

ఇప్పుడు వరసగా చూడండి. 2021 జులైలో సీవీఈ-2021-35042: బయటి మాటని యథాతథంగా ఆర్డర్-బైకి ఇస్తే ఇంజెక్షన్. 2022 ఏప్రిల్‌లో సీవీఈ-2022-28346: యానొటేట్, అగ్రిగేట్, ఎక్స్‌ట్రాలకి డిక్షనరీని విప్పి ఇచ్చినప్పుడు దాని కీలు మారుపేర్లుగా లోపలికి వెళ్ళడం. అదే ఏడాది జులైలో సీవీఈ-2022-34265: తేదీని నెలకో ఏడాదికో కుదించే ట్రంక్, ఎక్స్‌ట్రాక్ట్‌లలో "నెల" అనే మాట బయటినుంచి వస్తే అదే కథ. 2024 ఆగస్టులో సీవీఈ-2024-42005: జేసన్‌ఫీల్డ్ ఉన్న మోడల్‌లో వేల్యూస్‌కి ఇచ్చే కీ పేరు. 2025 సెప్టెంబరులో సీవీఈ-2025-57833: ఫిల్టర్డ్‌రిలేషన్ మారుపేర్లు. అక్టోబరులో సీవీఈ-2025-59681: మైఎస్‌క్యూఎల్, మారియాడీబీల మీద మళ్ళీ యానొటేట్ మారుపేర్లే. ఒక్కోసారి ఒక్కో గుమ్మం, లోపలికి వచ్చేది మాత్రం పేరే.

అన్నిటికంటే నాకు ఒళ్ళు జలదరించింది 2025 నవంబరు 5న ప్రకటించిన సీవీఈ-2025-64459. మందు 5.2.8, 5.1.14, 4.2.26లలో ఉంది. జాంగో బృందమే దాన్ని తీవ్రమైనదిగా గుర్తించింది. మన వైపు పాత ప్రాజెక్టుల్లో ఫీజు రిపోర్టు పేజీ ఎలా ఉంటుందంటే, యూఆర్‌ఎల్‌లో బ్రాంచి, సంవత్సరం, సెక్షన్ వస్తాయి. రాసిన కుర్రాడు ఒక్కొక్కటీ విడిగా తీసుకోవడానికి బద్ధకించి, రిక్వెస్ట్ డాట్ గెట్ డాట్ డిక్ట్ అని మొత్తం డిక్షనరీగా మార్చి, ముందు రెండు నక్షత్రాలు పెట్టి ఫిల్టర్‌లోకి పోసేస్తాడు. ఒక్క లైను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ట్యుటోరియళ్ళలోనూ ఇలా రాసినవి కనిపిస్తాయి.

ఫిల్టర్‌కి ఇచ్చిన ఆ కీలన్నీ లోపల క్యూ అనే వస్తువుకి వెళ్తాయి. క్యూకి సొంతంగా రెండు కీలున్నాయి: అండర్‌స్కోర్ కనెక్టర్, అండర్‌స్కోర్ నెగేటెడ్. షరతుల మధ్య ఏ మాట ఉండాలో చెప్పేది ఆ కనెక్టరే. యూఆర్‌ఎల్ చివర దుండగుడు అండర్‌స్కోర్ కనెక్టర్ అని చేర్చి, దానికి ఎస్‌క్యూఎల్ ముక్క ఇస్తే అది అలాగే వేర్ క్లాజ్ మధ్యలో కూర్చుంటుంది. ఇంజెక్షన్ చేసేంత తెలివి లేనివాడు ఉత్త ఆర్ అని ఇచ్చినా చాలు. ఒకే పోర్టల్ మీద నాలుగు కాలేజీలు నడుస్తూ, "ఈ కాలేజీ, ఈ బ్రాంచి" అని ఒకే ఫిల్టర్‌లో రాసి ఉంటే, అది "ఈ కాలేజీ లేదా ఈ బ్రాంచి" అయిపోతుంది. పక్క కాలేజీ విద్యార్థుల ఫోన్ నంబర్లు తెర మీదకి వస్తాయి. లాగ్‌లో ఎర్రర్ కూడా పడదు.

కొత్త వెర్షన్ ఎక్కిస్తే ఈ రెండు కీలూ ఆగిపోతాయి. ఆ లైను మాత్రం ఇంకా కంతే. ఎందుకంటే కీ పేర్లలో రెండేసి అండర్‌స్కోర్లు పెట్టి సంబంధాల వెంట ఎంత దూరమైనా నడవచ్చు. విద్యార్థి నుంచి యూజర్‌కి, యూజర్ నుంచి పాస్‌వర్డ్‌కి, అక్కణ్ణుంచి స్టార్ట్స్-విత్‌కి. హ్యాష్‌లో మొదటి అక్షరం ఇదేనా అని అడిగితే పేజీలో వరసలు వస్తే అవును, రాకపోతే కాదు. ఓపికున్నవాడు స్క్రిప్ట్ రాసుకుని అక్షరం అక్షరంగా మొత్తం లాగేస్తాడు. దీనికి సీవీఈ నంబరు రాదు, ఆడిట్ స్కానర్‌కి దొరకదు, జాంగో తప్పు కూడా కాదు.

వెతికి తీసేయడం

వెతుకులాట కష్టమేం కాదు. ప్రాజెక్టు మొత్తంలో ఫిల్టర్, ఎక్స్‌క్లూడ్, గెట్, క్యూ, యానొటేట్, ఎలియాస్, అగ్రిగేట్, అప్‌డేట్, వేల్యూస్ అనే మాటల తర్వాత బ్రాకెట్లో నక్షత్రం ఎక్కడుందో గ్రెప్‌తో పట్టండి. ఆ తర్వాత ఆర్డర్-బై లోపల రిక్వెస్ట్ అనే మాట. ఆ తర్వాత ఎక్స్‌ట్రా, రా, రా-ఎస్‌క్యూఎల్, కర్సర్ ఎగ్జిక్యూట్. ఎగ్జిక్యూట్ లోపల ఎఫ్-స్ట్రింగో, ఫార్మాటో, శాతం గుర్తుతో మాటలు కలిపేయడమో కనిపిస్తే అది పాతకాలపు ఇంజెక్షనే, ముందు దాని పని పట్టండి. దొరికిన ప్రతి నక్షత్రం దగ్గరా ఒక్కటే ప్రశ్న: ఈ డిక్షనరీ కీలు ఎవరు రాశారు? మన కోడే రాస్తే వదిలేయండి. బ్రౌజర్ నుంచో, ఫోన్ యాప్ పంపిన జేసన్ నుంచో, ఎవరో ఎక్కించిన ఎక్సెల్ షీట్ మొదటి వరస నుంచో వస్తే తీసేయాలి. ఎక్సెల్ సంగతి చాలామందికి తట్టదు.

తీసేయడం అంటే, బయటి పేరు ఎడమ పక్క, లోపలి పేరు కుడి పక్క ఉండేలా చిన్న డిక్షనరీ రాయండి. "బ్రాంచి" అని వస్తే బ్రాంచి అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ కోడ్, "సంవత్సరం" అని వస్తే ఇయర్. వచ్చిన కీ ఆ పట్టికలో లేకపోతే 400 ఇచ్చి పంపేయండి. తెలియని కీలని చప్పుడు లేకుండా వదిలేసే కోడ్ రాయకండి, ఎవడైనా తలుపు తడుతున్నాడని మీకు లాగ్‌లో తెలియాలి. ఆర్డర్-బైకీ ఇదే పట్టిక పద్ధతి. మరీ ఎక్కువ ఫిల్టర్లుంటే జాంగో-ఫిల్టర్ ప్యాకేజీ వాడండి, కానీ ఫీల్డ్స్ దగ్గర "ఆల్" అని పెడితే తిరిగి మొదటికే వచ్చినట్టు. కాలేజీ షరతు మాత్రం ఎప్పుడూ విడి ఫిల్టర్‌గా ముందే ఉండాలి, యూజర్ ఇచ్చినవి దాని తర్వాత ఇంకో ఫిల్టర్‌గా గొలుసు కట్టాలి. గొలుసులో రెండు ఫిల్టర్ల మధ్య ఎప్పుడూ యాండే.

మార్పు చేసే ముందు టెస్ట్ రాయండి. జాంగో టెస్ట్ క్లయింట్‌తో అండర్‌స్కోర్ కనెక్టర్ ఉన్న యూఆర్‌ఎల్ కొట్టి, 400 రావాలని అడగండి. పాస్‌వర్డ్ కీ ఉన్న యూఆర్‌ఎల్‌కి ఇంకొకటి. పాత కోడ్ మీద ఆ టెస్ట్ ఫెయిలవ్వాలి. ఎందుకు ఫెయిలైందో కూడా చూడండి: 302 వచ్చి ఫెయిలైతే మీరు కొట్టింది ఆ పేజీని కాదు, లాగిన్ పేజీకి మళ్ళిపోయి ఉంటుంది. పట్టిక పెట్టాక పాసవ్వాలి. ఈ టెస్టులే తర్వాత ఆడిటర్‌కి మీ సాక్ష్యం.

మెట్లెక్కడం

2.2 నుంచి 5.2కి ఒక్క దూకు దూకితే ఏది దేనివల్ల విరిగిందో తెలియదు. 2.2 నుంచి 3.2, అక్కణ్ణుంచి 4.2, తర్వాత 5.2. ఒక్కో మెట్టు మీద ఆగి, సైటుని లైవ్‌లోకి పంపి, కొన్నాళ్ళు చూసి మళ్ళీ కదలండి. టెస్టులు నడిపేటప్పుడు పైథాన్‌కి డబ్ల్యు-ఎ అనే ఆప్షన్ ఇస్తే తర్వాతి వెర్షన్లలో ఏమేం తీసేయబోతున్నారో హెచ్చరికలు వస్తాయి. అవి సున్నా అయ్యేదాకా తర్వాతి మెట్టు ఎక్కకండి.

నేల గురించి ఒక చిట్కా. 3.2, 4.2, 5.2 మూడూ పైథాన్ 3.10 మీద నడుస్తాయి. ఉబుంటు 22.04లో పైథాన్ 3.10 ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ 14 కూడా ఉంటుంది, 5.2 అడిగే కనీస పోస్ట్‌గ్రెస్ అదే. కాబట్టి 3.2 చేరాక ముందు సర్వర్‌ని అక్కడికి మార్చేస్తే, మిగతా రెండు మెట్లలో పైథాన్ గొడవ ఉండదు. 5.2లో కుదురుకున్నాక పైథాన్ 3.12కి మారవచ్చు. సర్వర్, పైథాన్, జాంగో ఒకే రాత్రి మార్చేవాళ్ళ ధైర్యానికి నా దండం.

4.0 దాటేటప్పుడు పేర్లు పోతాయి: యూగెట్‌టెక్స్ట్, ఫోర్స్-టెక్స్ట్, యూఆర్‌ఎల్స్‌లో పాత యూఆర్‌ఎల్ ఫంక్షన్, ఈజ్-ఏజాక్స్. వెతికి మార్చడమే, ఆలోచించేది లేదు. అసలు ఇబ్బంది సీఎస్‌ఆర్‌ఎఫ్ దగ్గర, అంటే వేరే సైటు మన యూజర్ పేరుతో ఫారం పంపకుండా ఆపే తనిఖీ దగ్గర. 4.0 నుంచి జాంగో బ్రౌజర్ పంపే ఆరిజిన్ హెడర్‌ని కూడా చూస్తుంది. మన సర్వర్లలో హెచ్‌టీటీపీఎస్ ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోయి, జాంగోకి మామూలు హెచ్‌టీటీపీ చేరుతుంది. బ్రౌజరేమో హెచ్‌టీటీపీఎస్ అంటుంది, జాంగోకి హెచ్‌టీటీపీ కనిపిస్తుంది, రెండూ కలవవు, లాగిన్ ఫారంతో సహా అన్నిటికీ 403, అంటే అనుమతి లేదని. ఫోన్లు మోగుతాయి. సరైన మందు: ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ని మనమే రాయించడం, సెట్టింగ్స్‌లో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ పెట్టడం. బయటినుంచి వచ్చిన హెడర్‌ని ఎన్‌జిన్‌ఎక్స్ తుడిచి కొత్తది రాస్తుందని నిర్ధారించుకున్నాకే పెట్టండి. సబ్‌డొమైన్లు ఉంటే సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో పేర్లకి ముందు హెచ్‌టీటీపీఎస్ స్కీమ్‌తో సహా రాయాలి.

కంగారులో చాలామంది చేసేది వ్యూల నెత్తిన సీఎస్‌ఆర్‌ఎఫ్ ఎగ్జెంప్ట్ అంటించడం. సెక్యూరిటీ అప్‌గ్రేడ్ పేరుతో కొత్త కంత తవ్వడమే అది. పేమెంట్ గేట్‌వే తిరిగి పిలిచే వ్యూకి మాత్రం ఆ ఎగ్జెంప్ట్ న్యాయమే, అక్కడ గేట్‌వే పంపే సిగ్నేచర్‌ని మనం సరిచూడాలి.

5.0 దగ్గర రెండు విషయాలు. లాగౌట్ లింకు నొక్కితే 405 వస్తుంది, ఇకమీదట అది పోస్ట్ ఫారంగా ఉండాలి. రెండోది యూజ్-టీజెడ్ అనే టైమ్‌జోన్ సెట్టింగ్. సెట్టింగ్స్‌లో ఆ లైనే లేని పాత ప్రాజెక్టుల్లో ఇన్నాళ్ళూ దాని అర్థం ఫాల్స్, 5.0 నుంచి ట్రూ. పోస్ట్‌గ్రెస్ అయితే పెద్దగా తేడా రాదు, మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం పాత రసీదుల సమయాలు ఐదున్నర గంటలు జరిగి కనిపిస్తాయి, రాత్రి కట్టిన ఫీజు మర్నాటి ఖాతాలో పడుతుంది. మెట్టెక్కే ముందే ఫాల్స్ అని స్పష్టంగా రాసేయండి. టైమ్‌జోన్ మార్పు వేరే పని, వేరే రోజు.

సెట్టింగ్స్, తాళంచెవి

మేనేజ్ డాట్ పైతో చెక్ కొట్టి వెనక డిప్లాయ్ ఆప్షన్ ఇస్తే, జాంగోయే లోపాలు చదివి వినిపిస్తుంది. డీబగ్ ట్రూగా లైవ్‌లో ఉన్న సైట్లు ఇప్పటికీ చూస్తున్నాను. ఒక తప్పుడు యూఆర్‌ఎల్ కొడితే యూఆర్‌ఎల్ పట్టిక మొత్తం తెర మీద పరుస్తుంది. కుకీల సెక్యూర్ గుర్తులు వెంటనే పెట్టేయండి. హెచ్‌ఎస్‌టీఎస్ (ఈ సైటుకి హెచ్‌టీటీపీఎస్‌తోనే రావాలని బ్రౌజర్‌కి చెప్పే హెడర్) మాత్రం 3600 సెకన్లతో మొదలెట్టండి. ఏడాదికి పెట్టేసి, ఏదో సబ్‌డొమైన్‌కి సర్టిఫికెట్ లేదని తర్వాత తెలిస్తే, బ్రౌజర్లలో గుర్తుండిపోయిన దాన్ని వెనక్కి తీసుకోలేరు.

సీక్రెట్ కీ (కుకీల్లాంటివాటి మీద జాంగో సంతకం చేసే తాళంచెవి) గిట్‌లో ఉంటే అది పోయినట్టే లెక్క. ఫైల్లోంచి తీసేసినా హిస్టరీలో ఉంటుంది. కొత్తది పుట్టించి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. 4.1 నుంచి సీక్రెట్ కీ ఫాల్‌బ్యాక్స్ అని ఒక సౌకర్యం ఉంది, పాత కీని అందులో ఉంచితే ఎవరూ లాగౌట్ కారు. అది మామూలుగా మార్చేటప్పటి మాట. దొంగ చేతిలో పడిన కీని ఫాల్‌బ్యాక్స్‌లో ఉంచితే మార్చీ ప్రయోజనం లేదు. అందరూ లాగౌట్ అవుతారని కరెస్పాండెంట్ గారికి ముందే చెప్పి, ఫీజుల ఆఖరి తేదీ కాని రోజు చూసుకుని చేయండి. సెషన్లకి పికిల్ సీరియలైజర్ వాడుతున్న పాత ప్రాజెక్టయితే దాన్ని ముందు తీసేయండి. సెషన్లు సైన్డ్ కుకీల్లో ఉండి, కీ బయటపడితే, కుకీ ద్వారా సర్వర్ మీద కోడ్ నడపొచ్చు.

అప్‌గ్రేడ్ ఇప్పట్లో కుదరదంటే

అడ్మిషన్ల సీజన్, బడ్జెట్ లేదు, ఏదో ఒకటి ఉంటుంది. జాంగో ప్రతి కంతకీ పూడ్చిన కమిట్‌ని బహిరంగంగానే ఉంచుతుంది. చాలావాటిలో మార్పు పది ఇరవై లైన్లే. దాన్ని మీ పాత వెర్షన్‌కి తగ్గట్టు సర్ది, జాంగో సొంత నకలు ఒకటి తయారుచేసి, నంబరు చివర మీ గుర్తు పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. సర్వర్‌లోని సైట్-ప్యాకేజెస్‌లో నేరుగా దిద్దితే తర్వాతి పిప్ ఇన్‌స్టాల్‌తో కొట్టుకుపోతుంది. లేదా అండర్‌స్కోర్‌తో మొదలయ్యే కీ ఉన్న రిక్వెస్ట్‌ని తిప్పికొట్టే చిన్న మిడిల్‌వేర్ రాయండి. జేసన్ లోపలున్న కీలు దానికి కనిపించవు, అది తాత్కాలికమే. ఆ ఫైల్లోనే మొదటి లైన్లో తీసేయాల్సిన తేదీ రాసి ఉంచండి.

పని అయ్యాక ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో అండర్‌స్కోర్ కనెక్టర్ కోసం, రెండేసి అండర్‌స్కోర్ల పక్కన పాస్‌వర్డ్ అనే మాట కోసం వెనక్కి వెతకండి. ఉబుంటులో మామూలుగా ఈ లాగులు రోజువారీగా 14 మాత్రమే మిగులుతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, చొరబాటు జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో వాళ్ళకి తెలియజేయాలి. లాగ్‌రొటేట్ ఫైల్లో 14ని 180 చేయడం ఒక్క నిమిషం పని, డిస్క్‌లో చోటుందో లేదో చూసుకోండి. అనుమానం వచ్చే వరసలు దొరికితే యాజమాన్యానికి ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా చెప్పండి.

ఇక ఆడిటర్‌కి జవాబు. "అప్‌గ్రేడ్ చేశాం" అని ఒక్క ముక్క పంపితే మళ్ళీ తిరిగొస్తుంది. నేను ప్రతి ఎర్రగడికీ ఇవి రాస్తాను: సర్వర్ నుంచి తీసిన వెర్షన్ నంబరు, దిద్దిన ఫైలు, కమిట్, దాన్ని పట్టే టెస్టు పేరు, ఆ టెస్టు ముందు ఫెయిలై తర్వాత పాసైన ఔట్‌పుట్. స్కానర్ పట్టనివి, అంటే మనమే వెతికి తీసిన నక్షత్రాల లైన్లు, వాటిని వేరే పేజీలో చేరుస్తాను. బిల్లులో ఆ పేజీకి కూడా ఒక వరస ఉంటుంది. జాంగో వాళ్ళు సెక్యూరిటీ విడుదలకి వారం ముందు, ఫలానా తేదీన వస్తుందని ప్రకటన లిస్టులో చెబుతారు. క్లయింట్లందరి తరఫునా ఆ లిస్టులో నా మెయిల్ ఐడీ ఉంది, ఆ తేదీ సాయంత్రానికి వేరే పని పెట్టుకోను.